ఎగైలా తీరాన చందువా

కువైట్‌లోని అహ్మదీ గవర్నరేట్‌లో ఫింతాస్‌ను ఆనుకుని ఉన్న ఎగైలా ఇవాళ విల్లాల పేట. ఆ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్లకు ఎగైలా బీచ్ అంటే శుక్రవారం పిల్లల్ని తీసుకెళ్లి కాసేపు గాలి పీల్చుకొచ్చే చోటు. ఆ సముద్రం ఏం పోగొట్టుకుందో అక్కడ కూర్చున్నవాళ్లకు తెలిసే వీలు లేదు. నీళ్లు నీలంగానే ఉంటాయి, అలలు వస్తూనే ఉంటాయి. సముద్రం గొడ్డుపోతే పొలం బీడుపడ్డట్టు పైకి కనపడదు. అది బజార్లో చేపల బల్ల దగ్గర తెలుస్తుంది.

ఆ బల్ల మీద మొదటి స్థానం జుబైదీది. మన చందువానే. చేతిలోకి తీసుకుంటే గుండ్రంగా, పల్చగా ఉంటుంది. పొలుసు ఎంత సన్ననిదంటే వేలు తగిలితే చాలు, వెండి పొడి అంటుకుంటుంది. పొట్ట కింద రెక్కలుండవు. నోరు చాలా చిన్నది, నీళ్లలో తేలే సన్నటి జీవాల్ని ఏరుకు తినడానికి సరిపోయేంత. తోక రెండు పాయలుగా చీలి, కింది పాయ పొడుగ్గా సాగి ఉంటుంది. ముల్లు తక్కువ, కండ మెత్తన. కువైటీ ఇళ్లలో ఉల్లిపాయలు, ఎండు నిమ్మకాయ, మసాలాతో వండిన అన్నం మీద వేయించిన జుబైదీ పెట్టి తెస్తే, అతిథికి అంతకు మించిన మర్యాద లేదు. దాన్నే ముతబ్బఖ్ జుబైదీ అంటారు. ఎగైలా విల్లాల వంటిళ్లలో ఆ వంట వండే చేతులు చాలాచోట్ల మన కోనసీమవి, కడపవి.

ఫహాహీల్ చేపల మార్కెట్లో ఇప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ఊరు. ఇరాన్ నుంచి వచ్చిందా, పాకిస్తాన్ నుంచా, మన దేశం నుంచా? అమ్మేవాడు "కువైటీ" అని ఒక బుట్ట విడిగా చూపిస్తే దాని ధర వినగానే చాలామంది పక్క బల్లకు జరుగుతారు. కిలో పది దినార్లు దాటిన రోజులున్నాయి. 1990ల మధ్యలో కువైట్ పడవలు ఏడాదికి వెయ్యి టన్నులకు పైగా జుబైదీని ఒడ్డుకు చేర్చాయి. ఆ దశాబ్దం ముగిసేసరికి అందులో చిన్న వంతు మాత్రమే మిగిలింది. ఒక తరం పెరిగి పెద్దయ్యేలోపే ఒక తీరం తన చేపను పోగొట్టుకుంది.

ఈ పతనానికి ఒక్క కారణం చెప్పి వదిలేయడం న్యాయం కాదు. కానీ నా మటుకు నాకు దీని మొదలు చేపలో లేదు, మనుషుల్లో ఉంది. ఆ నీళ్లను ఎరిగిన మనుషులు ఒకరి తర్వాత ఒకరు అక్కడి నుంచి తప్పుకున్నారు, లేదా తప్పించబడ్డారు. వాళ్లను అడిగినవాళ్లు లేరు.

ఫింతాస్, అబూ హలీఫా, మంగఫ్, ఫహాహీల్, షుఐబా. ఇవన్నీ ఒకప్పుడు బావుల కింద కూరగాయలు పండించుకుంటూ, చేపలు పట్టుకుంటూ, వేసవి వస్తే ముత్యాల వేటకు పడవలెక్కే పల్లెలు. ఒడ్డున ఆటుపోట్ల మధ్య పరుచుకున్న బురదనేలల్లో హద్రాలు వేసేవాళ్లు. రెల్లు కట్టెల్ని ఒకదాని పక్కన ఒకటి గుచ్చి, ఒడ్డు నుంచి సముద్రంలోకి తిన్నగా ఒక దడి కట్టి, దాని చివర బాణపు మొన ఆకారంలో ఒక గది కడతారు. పోటు మీద ఒడ్డుకొచ్చిన చేప, ఆటు తీసేటప్పుడు వెనక్కి వెళ్తూ దడి వెంబడే పోయి ఆ గదిలో చిక్కుతుంది. నీళ్లు తగ్గాక మనిషి బుట్ట పట్టుకుని మోకాలి లోతు బురదలో నడిచి వెళ్లి ఏరుకొచ్చేవాడు. చిన్న చేపపిల్లను వదిలేయాలంటే వదిలేయొచ్చు, అది ఇంకా బతికే ఉంటుంది. హద్రా ఎక్కడ వేయాలో, మొన ఎటు తిరగాలో, ఏ నెలలో ఏ చేప ఏ గట్టు వెంబడి వస్తుందో తెలియాలంటే అక్కడే పుట్టి, అక్కడే ముసలివాళ్లు కావాలి. ఆ చదువు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది.

1930లలో జపాన్ పెంపుడు ముత్యాలు, ప్రపంచమంతటా వచ్చిన ఆర్థిక మాంద్యం కలిసి ముత్యాల వేటను కూల్చాయి. 1938లో బుర్గాన్‌లో ఆయిల్ పడింది. 1946 జూన్ 30న మొదటి ఓడ ముడిచమురుతో బయల్దేరింది. ఆ రేవు ఈ తీరంలోనే, ఎగైలాకు దక్షిణాన. పల్లెల్లోని మగవాళ్లు ఆయిల్ కంపెనీల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో కుదురుకున్నారు. ఆకలి తీరింది, పిల్లలు చదువుకున్నారు. అందుకు వాళ్లను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆ సముద్రపు చదువు మాత్రం అక్కడితో తెగింది.

సముద్రం మీద పని ఆగలేదు. చేతులు మారాయి. ఇవాళ లాంచీలకీ తర్రాద్‌లనే చిన్న ఫైబర్ పడవలకీ లైసెన్సు కువైటీ పేరున ఉంటుంది. వల లాగేది ఈజిప్టు, బంగ్లాదేశ్, భారతదేశం నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో మంచి పనివాళ్లున్నారు, తమ ఊరి సముద్రంలో చిన్నప్పటి నుంచి ఆరితేరినవాళ్లున్నారు. కానీ ఈ సముద్రం వాళ్లకు ఇఖామా (నివాస అనుమతి) ఉన్నన్నాళ్లే. ఎండలో, ఉప్పులో పదేళ్లు పనిచేసి ఈ నీళ్లను తెలుసుకున్న మనిషి, వీసా అయిపోగానే ఆ తెలివిని పెట్టెలో పెట్టుకుని ఊరికి వెళ్లిపోతాడు. రేపటి చేప కోసం ఇవాళ వల తగ్గించుకోమని అతనికి ఎవరు చెప్పగలరు? ఆ రేపట్లో అతనికి చోటు లేదు. లోపలి సంగతి ఎరిగినా, ఏ కమిటీలోనూ అతనికి కుర్చీ లేదు.

1950ల చివర నుంచి రొయ్యల కోసం పెద్ద ట్రాలర్లు దిగాయి. అడుగు గీరుకుంటూ పోయే వలలో రొయ్యతోపాటు పనికిరాదని పారేసే చిన్న చేప ఎంతో పోయింది. రొయ్యలు తగ్గాక 1980 నుంచి ఏటా కొన్ని నెలలు వేట ఆపారు. తర్వాత కువైట్ అఖాతం లోపల, ఒడ్డుకు మూడు నాటికల్ మైళ్ల లోపల ట్రాలింగ్ నిషేధించారు. ఇవి మంచి నిర్ణయాలే. పరిశోధన కూడా జరిగింది. కువైట్ సైన్స్ పరిశోధన సంస్థ వాళ్లు ఎంతో శ్రమపడి జుబైదీ గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచగలిగారు. అయినా సముద్రంలో చేప నిలవలేదు. ఎందుకంటే అసలు దెబ్బ కువైట్ సరిహద్దుకు అవతల, సముద్రం ఒడ్డున కూడా కాదు, మంచినీళ్లలో పడింది.

జుబైదీ ఉప్పునీటి చేపే. కానీ గల్ఫ్ ఉత్తర కొసకు ప్రాణం నదిది. టైగ్రిస్, యూఫ్రటీస్ కలిసి షట్ అల్ అరబ్‌గా వచ్చి అక్కడ సముద్రంలో పడతాయి. మండే ఎండకు రోజురోజుకూ ఉప్పెక్కే ఆ లోతులేని మూలలో నది నీరు ఉప్పును తగ్గిస్తుంది, పోషకాలు తెస్తుంది, సూక్ష్మజీవుల్ని పెంచుతుంది. ఎండాకాలం గుడ్లు పెట్టడానికి జుబైదీ ఉత్తరాన లోతులేని నీళ్లకు వచ్చేది, దాని పిల్లలు తిని పెరిగేది ఆ సిరి మీదే. నది సముద్రంలో పడకముందు, దక్షిణ ఇరాక్‌లో వేల చదరపు కిలోమీటర్ల చిత్తడి నేలల్లో తిరిగి, బురదను దింపుకుని, తేరుకుని వచ్చేది. ఆ రెల్లు అడవుల్లో, నీళ్ల మీద రెల్లు పేర్చి కట్టుకున్న దిబ్బల మీద మాదాన్ అనే జనం వేల ఏళ్ల నాటి బతుకు బతికేవాళ్లు. గేదెలు, పొడుగాటి సన్నపడవలు, చేపలు, వరి. అతిథుల కోసం రెల్లుతోనే కమానులు వంచి కట్టే ముదీఫ్ మండపాలు. ఆ నీళ్ల ఆటుపోట్లకు, వరదకు, ఎండకు వాళ్లే కాపలా.

1991 గల్ఫ్ యుద్ధం తర్వాత దక్షిణ ఇరాక్‌లో తిరుగుబాటు లేచింది. దాన్ని అణచిన సద్దాం ప్రభుత్వం, తిరగబడ్డవాళ్లకు చిత్తడి నేలలే దాగుడుచోటని, ఆ నేలల్నే ఎండగట్టడానికి పూనుకుంది. కట్టలు వేశారు, కాలువలు తవ్వారు. మూడో నది అని పిలిచిన 565 కిలోమీటర్ల కాలువ 1992 డిసెంబరులో పూర్తయింది. అదే కాలంలో ఎగువన టర్కీ కట్టిన అతాతుర్క్ ఆనకట్ట నిండింది. రెల్లు ఎండింది, ఊళ్లు తగలబడ్డాయి, లక్షల మంది చెదిరిపోయారు. 2001లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఉపగ్రహ చిత్రాలు చూసి ప్రపంచానికి చెప్పిన మాట: తొంభై శాతం చిత్తడి నేల పోయింది.

ఆ తేదీల్నీ కువైట్ చేపల లెక్కల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే గుండె బరువెక్కుతుంది. 1990ల మధ్య వరకూ నిండిన వలలు, ఆ తర్వాత రెండు మూడేళ్లలోనే తేలికైపోయాయి. జుబైదీ పోయింది. దానితోపాటు నదిలోకి ఎదురెక్కే సుబూర్ కూడా పోయింది. అధిక వేట ఉంది, యుద్ధపు చమురు మచ్చ ఉంది, వాటిని తక్కువ చేయను. కానీ షట్ అల్ అరబ్ నీరు తగ్గడమే పెద్ద దెబ్బ అని సముద్ర శాస్త్రవేత్తలు రాశారు. మాదాన్ జనం మీద తీర్చుకున్న కక్ష, ఎంతో దిగువన వాళ్లకు ముఖపరిచయం కూడా లేని జాలరి వలలో తేలింది.

ఆ సుబూర్ గురించి ఒక మాట. ఎగైలాలో ఒక ఇంట్లో వంటపని చేసే రాజోలు వైపు అమ్మ ఒకావిడ, మార్కెట్ నుంచి వచ్చిన సుబూర్‌ను శుభ్రం చేస్తూ "ఇది మన పులసే కదా బాబూ, ఇక్కడికెలా వచ్చింది?" అని నన్నడిగింది. ఆవిడ కన్ను పొరపడలేదు. గోదావరికి ఎదురీదే పులస, షట్ అల్ అరబ్‌కు ఎదురీదే సుబూర్ ఒకే జాతి చేప. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక పులస దారి అక్కడితో ఆగింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్ట అది, దాన్ని తిట్టే నోరు నాకు లేదు. కానీ ఏటిలో పులస ఎక్కడిదాకా పోయేదో, ఏ రెల్లుమెట్ట దగ్గర గుడ్లు పెట్టేదో ఆనాటి పల్లెకారులకు తెలుసు. కట్టేముందు వాళ్లనూ కూర్చోబెట్టి వినుంటే చేపకొక దారి వదిలేవాళ్లేమో. ఇవాళ పులస పులుసు వేల రూపాయల మాటైంది. రెండు నదుల మీదా జరిగింది ఒకటే.

కువైట్ సముద్రం మీద ఇంకా రెండు దెబ్బలు పడ్డాయి. 2001 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కువైట్ అఖాతంలో మైద్ చేపలు తెట్టలు తెట్టలుగా తేలాయి. మనం కొయ్యింగ అనే జాతికి దగ్గరిది. రెండున్నర వేల టన్నులకు పైగా చచ్చిపోయాయి. స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా కారణమని తేల్చారు. వేడెక్కిన, మురికి కలిసిన, కదలిక తక్కువైన నీళ్లలో అది ప్రబలింది. తర్వాత 2009 ఆగస్టులో మిష్రెఫ్ పంపింగ్ స్టేషన్ పాడై, శుద్ధి చేయని మురుగునీరు నేరుగా సముద్రంలోకి పోయింది. అది ఎగైలాకు ఉత్తరాన, అదే తీరం. అప్పటికే ఆ నీళ్లలో కోలుకునే శక్తి సన్నగిల్లింది.

ఇంకోలా జరగొచ్చా అని అడిగేవాళ్లకు ఉత్తర ధ్రువం వైపు చూపిస్తాను. 1977లో అంతర్జాతీయ వేలింగ్ కమిషన్, అలాస్కా తీరంలో ఇన్యుపియాట్ జనం తరతరాలుగా వేటాడే బోహెడ్ తిమింగలం వేటను పూర్తిగా ఆపమంది. మంచు చీలికల దగ్గర నిలబడి కంటితో లెక్కపెట్టిన శాస్త్రవేత్తలు, రెండు వేలకు మించి లేవన్నారు. వేటగాళ్లు ఒప్పుకోలేదు. తిమింగలాలు మంచు కింద నుంచి కూడా పోతాయి, మీ కంటికి కనపడేవి కొన్నే, అన్నారు. అదే ఏడాది అలాస్కా ఎస్కిమో వేలింగ్ కమిషన్‌గా ఏర్పడ్డారు. 1981లో అమెరికా ప్రభుత్వం వాళ్లతో కలిసి నిర్వహణ ఒప్పందం చేసుకుంది. అలాస్కాలోని ఉట్కియాగ్విక్ దగ్గర మంచు కింద హైడ్రోఫోన్లు దింపి విన్నారు. ముసలి వేటగాళ్ల మాటే నిజమైంది. మంచు కింద తిమింగలాలు పాడుతూ పోతున్నాయి. 2011 లెక్కలో ఆ మంద దాదాపు 17 వేలు. వేటకు పరిమితి ఉంది, దాన్ని పాటించేలా చూసేది వేటగాళ్లే.

వినని చోట ఏమైందో కెనడాలోని న్యూఫౌండ్‌ల్యాండ్ చెబుతుంది. 1968లో 8 లక్షల టన్నుల కాడ్ పట్టారు. 1980లలో ఒడ్డున చిన్న పడవల జాలర్లు, చేప తగ్గింది, పరిమాణం చిన్నబడింది అని మొత్తుకున్నారు. పెద్ద ట్రాలర్ల లెక్కలు బాగున్నాయి కదా అని ప్రభుత్వం ధీమాగా ఉంది. 1992 జూలై 2న వేట ఆపేశారు. దాదాపు 30 వేల మంది ఒక్కరోజులో పనిలేనివాళ్లయ్యారు. 32 ఏళ్ల తర్వాత 2024లో తిరిగి తెరిచినప్పుడు అనుమతించింది 18 వేల టన్నులు.

ఆ పాఠం కొందరికైనా అంటింది. 2018లో గ్రీన్‌ల్యాండ్‌లోని ఇలులిస్సాట్‌లో తొమ్మిది దేశాలు, యూరోపియన్ యూనియన్ కలిసి, మంచు కరిగి తెరుచుకుంటున్న నడి ఆర్కిటిక్ సముద్రంలో 16 ఏళ్ల పాటు వ్యాపార వేట వద్దని సంతకాలు చేశాయి. అక్కడ ఇంకా ఒక్క వల పడకముందే. శాస్త్రంతోపాటు అక్కడి ఆదివాసుల తెలివిని కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. 2021 జూన్ 25 నుంచి అది అమల్లో ఉంది.

గల్ఫ్‌లోనూ ఒప్పందాలకు కొదవ లేదు. ఎనిమిది దేశాలు సముద్రాన్ని కాపాడతామని చేసుకున్న 1978 నాటి ఒప్పందం పేరే కువైట్ ఒప్పందం. కానీ జుబైదీ ఇరాక్, ఇరాన్, కువైట్ నీళ్లలో తిరిగే చేప. మూడు దేశాలూ కలిసి ఒకే లెక్క, ఒకే నిషేధం పెట్టుకుంటే తప్ప దాన్ని ఒక దేశం కాపాడలేదు. అంతకన్నా పెద్ద కొరత ఇంకొకటి. ఇన్యుపియాట్ వేటగాడిలా లేచి నిలబడి "మీ లెక్క తప్పు" అనే హక్కున్న మనిషి ఈ తీరంలో లేడు. తెలిసినవాళ్లు ఒడ్డు దిగి ఆఫీసుకెళ్లారు. చిత్తడిలో ఉన్నవాళ్లను తరిమేశారు. ఇప్పుడు పట్టేవాళ్లు పరాయివాళ్లు. ఉత్తర ధ్రువంలో నిలిచింది ఇక్కడ కూలడానికి ఇదే కారణమని నేను నమ్ముతున్నాను.

2003లో సద్దాం పడిపోగానే మాదాన్ జనం పారలు పట్టుకుని వెళ్లి కట్టలు తెగ్గొట్టారు. ప్రభుత్వం చెప్పేదాకా ఆగలేదు. నీళ్లు తిరిగొచ్చాయి, రెల్లు మొలిచింది, గేదెలు దిగాయి. 2016లో యునెస్కో ఆ నేలల్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కానీ ఎగువ ఆనకట్టల వల్ల, వరుస కరువుల వల్ల అవి మళ్లీ మళ్లీ ఎండుతున్నాయి. కువైట్ జుబైదీ పాత రోజులకు తిరిగి రాలేదు.

కువైట్‌లో ఉన్న మనవాళ్లకు ఒక్క విన్నపం. ఏటా జూన్ 1 నుంచి జూలై 15 దాకా జుబైదీ గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధిస్తారు. ఆ నెలన్నర ఎవరు చాటుగా తెచ్చి ఎంత తక్కువకు ఇస్తామన్నా స్థానిక జుబైదీ కొనకండి. మిగతా రోజుల్లోనూ అరచేతికి మించని చేపపిల్లను కొనకండి, బల్ల మీదే వదిలేసి రండి. మీ వీధిలో లాంచీ మీద పనిచేసే శ్రీకాకుళం కుర్రాడో, తమిళ కుర్రాడో ఉంటే, వాడు వెళ్లిపోయేలోపు ఒకరోజు కూర్చోబెట్టుకుని వాడు చూసిన సముద్రం గురించి అడగండి. అడిగి, తేదీతో సహా రాసిపెట్టండి.